మోరీ నుంచి ఐదు పట్టాలు

శాంతయ్య అనుమానపు మనిషి. ఇది ఆయన మీద నింద కాదు. అనుమానించినందుకే రైల్వే ఆయనకు ముప్ఫై ఒక్క ఏళ్లు జీతమిచ్చింది. పట్టాను దాని కింద అడ్డంగా పరిచే స్లీపరుకు బిగించి ఉంచే ఇనుప చీలను అక్కడ ‘కీ’ అంటారు. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని, తన వంతు లైను పొడవునా నడుస్తూ, వదులైన ప్రతి కీనీ కొట్టి బిగించేవాడు కీమ్యాను. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. నిన్ననే బిగించాను కదా అని ఇవాళ నమ్మేవాడు ఆ పనికి పనికిరాడు.

ఉద్యోగంలో చివరి పదకొండేళ్లు శాంతయ్య నడిచింది నాచారం ఫ్యాక్టరీల వెనక నుంచి ఉప్పల్ వైపు పోయే గూడ్సు లైను మీద. ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి, మిగిలినవి లారీలకు మారాయి. వ్యాగన్లు రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకసారి వచ్చి, చివరికి రావడమే మానుకున్నాయి. ఆయన రిటైరైన నాలుగు నెలలకు పట్టాలు పీకి తీసుకుపోయారు. కొన్నేళ్లు అక్కడ తుమ్మలు మొలిచాయి, ఊరి చెత్తంతా చేరింది. ఆ తర్వాత మున్సిపాలిటీ వాళ్లు దాన్ని శుభ్రం చేసి రెండున్నర కిలోమీటర్ల బాట వేశారు. ఒక పక్క నడిచేవాళ్లకు మట్టి దారి, ఇంకో పక్క సైకిళ్లకూ చక్రాల కుర్చీలకూ గట్టి దారి, అంచుల్లో కానుగలు, వేపలు, సీతాకోకచిలుకల కోసం పూల పొదలు. గేటు దగ్గర బోర్డు మీద ‘బహుళ ప్రయోజన ప్రకృతి బాట’ అని రాశారు. జనం మాత్రం రైలు బాట అన్నారు.

ప్రకృతి సంగతి పొద్దున నడకకు వచ్చేవాళ్లకు తెలుసు. బహుళ ప్రయోజనం సంగతి శాంతయ్య భార్య ఎలిజబెత్‌ను అడగాలి. ఆమె మందుల కంపెనీకి అట్టడబ్బాలు ప్యాక్ చేసే యూనిట్‌లో పనిచేస్తుంది. ఈ బాట లేనప్పుడు బస్తీ ఆడవాళ్లు ఫుట్‌పాత్ లేని మెయిన్ రోడ్డు మీద, లారీలకూ డివైడర్‌కూ మధ్య నడిచేవాళ్లు. అట్లా నడుస్తుండగానే ఒక రోజు లారీ అంచు తగిలి ఎలిజబెత్ ఎడమ మోచెయ్యి విరిగింది. ఇప్పటికీ అది పూర్తిగా చాపడానికి రాదు. బాట వచ్చాక పొద్దున ఐదున్నరకు అరవై డెబ్బై మంది ఆడవాళ్లు, చేతిలో టిఫిన్ డబ్బాలతో, మాట్లాడుకుంటూ నవ్వుకుంటూ పనికి పోతారు. సైన్సు ల్యాబుల్లో రిటైరైన సార్లకు అది ఆరోగ్యం కావచ్చు. వీళ్లకు ప్రాణం.

ఆ బాటను చూసుకునే పనికి శాంతయ్యను కాంట్రాక్టరు పెట్టుకున్నాడు. విరిగిపడ్డ కొమ్మలు తీయాలి, వానకు కోసుకుపోయిన మట్టి పూడ్చాలి, బాట కింద వాననీళ్లు పోయే మోరీలో పూడిక తీయాలి, సీసా పెంకులు ఏరాలి. రోజూ ఒక అంచున పోయి రెండో అంచున తిరిగొస్తాడు.

ఆయనకు మొదట నీలం రేకుల మీద అనుమానం పుట్టింది. బాట మధ్యలో మోరీ దాటాక, మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలంలో ఒక కంపెనీ అపార్టుమెంట్లు కడుతోంది. చుట్టూ నీలం రేకులు పాతింది. గట్టి గాలివానకు అవి పడిపోతాయి, మర్నాడు మళ్లీ నిలబెడతారు. పడ్డచోటే నిలబెడుతున్నారా? శాంతయ్య కాళ్లు కాదన్నాయి. ఆగస్టుకు బాట వెడల్పు ఆయన నడక లెక్కలో ఒక అడుగు తగ్గింది. దసరాకు మూడు అడుగులు తగ్గింది. కాంట్రాక్టరు మనిషికి చెబితే, “నీది ఊడ్సే పని శాంతన్నా, కొలిసే పని గాదు” అన్నాడు.

రెండో అనుమానం సీతారామయ్య మీద. గోదావరి వైపు నుంచి నలభై ఏళ్ల కిందట సర్కారు ల్యాబులో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై స్థిరపడ్డ సైంటిస్టు. వాకర్ల సంఘానికి అధ్యక్షుడు. తెల్ల టోపీ, చేతిలో చిన్న నోట్‌బుక్. ఈ మధ్య ఆయన నడక తగ్గించి కొలత పెంచాడు. రేకుల్ని ఫోటో తీస్తాడు, మోరీని ఫోటో తీస్తాడు, టేపు పరుస్తాడు. శాంతయ్య దగ్గరికి వస్తే నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకుంటాడు.

“ఏం కొలుస్తున్రు సారు?”

“ఏం లేదయ్యా, ఊరికే.”

ఊరికే ఎవరైనా నెల రోజులు కొలుస్తారా?

మూడో అనుమానం సన్నీ మీద. అపార్టుమెంట్ల కంపెనీకి సైటు సూపర్‌వైజరు, ముప్ఫై ఐదేళ్లవాడు, నల్లద్దాలు పెడతాడు. వరసలు కలపడంలో గట్టివాడు. శాంతయ్య మోరీ దగ్గరికి వచ్చేసరికి రేకుల మధ్య నుంచి చాయ్ కప్పు చాపేవాడు. ఆ చాయ్ మీద కూడా శాంతయ్యకు అనుమానమే. కానీ తాగాడు.

“మామా, గా టోపీ సారు ఎందుకు కొలుస్తున్నడో ఎర్కేనా?” అన్నాడు సన్నీ ఒక రోజు.

“నాకేం ఎర్క.”

“బాట నడుమ గోడ కడ్తరట. గేటుకాడ కార్డు. కార్డున్నోళ్లే లోపలికి. మీ బస్తీ ఆడోళ్లు గుంపులు గుంపులు వస్తున్రని సార్లకు మస్తు ఇబ్బందైతున్నదట.”

“నీకెవలు జెప్పిన్రు?”

“వాళ్ల గ్రూపుల రాసుకుంటున్రు మామా. నిన్ను ఏసిన్రా గ్రూపుల?”

వేయలేదు. ఆ వాట్సాప్ గ్రూపులో రెండు వందల నలభై మంది ఉన్నారు. డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, ఉప్పల్ గేటు దగ్గర జొన్నరొట్టెలమ్మే హోటలాయన కూడా ఉన్నాడు. రోజూ ఆ బాటను రెండుసార్లు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచే మనిషి ఒక్కడే లేడు. సన్నీ చెప్పింది అబద్ధమని తోయడానికి శాంతయ్య దగ్గర ఒక్క ఆధారమూ లేదు. నిజమే అనుకోవడానికి కావలసినన్ని ఉన్నాయి. మల్కాజిగిరి అవతల ఒక పార్కుకు కార్డులు పెట్టడం ఆయన కళ్లతో చూశాడు. పేదవాళ్ల దారికి తాళం పడేముందు ఎవరూ చాటింపు వేయరు. టేపులే వస్తాయి.

నవంబరులో ఒక మంగళవారం శాంతయ్య చుట్టాల సమాధి కార్యక్రమానికి అన్నోజిగూడ వెళ్లాడు. బుధవారం తెల్లారి పనిలోకి వచ్చేసరికి మోరీ దగ్గర మొదలై తొమ్మిది ఇనుప మేకులు నేలలో దిగి ఉన్నాయి. నాలుగు వేళ్లంత పైకి, తలలకు ఎర్రరంగు. కొన్ని సరిగ్గా నడిచే దారిలోనే.

రైల్వే మనిషికి నూరిపోసిన పాఠం ఒకటుంది. లైను మీద లైనుకు సంబంధం లేనిది ఏది కనిపించినా ముందు తీసెయ్యాలి, తర్వాత చెప్పాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారని ఆరా తీస్తూ కూచుంటే బండి ఆగదు. శాంతయ్య గడ్డపార తెచ్చాడు. ఒకటి పీకాడు, రెండు పీకాడు. ఆరోది పీకుతుంటే కాలు ఒక్క క్షణం ఆగింది. మేకులన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఈ వరస మనకు తెలిసిందే అన్నది పాదం. గోడకు ముగ్గు పోశారు అన్నది బుర్ర. ఆ పొద్దు శాంతయ్య బుర్ర మాట విన్నాడు.

తొమ్మిదీ పీకి సామాన్ల గదిలో వేసి తాళం పెట్టాడు. అంతటితో వదల్లేదు. ఏ పనీ సగం చేసే అలవాటు లేదు కదా! గుంతలు పూడ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పైన ఊడ్చాడు. మేకులు దిగిన ఆనవాలు కూడా లేకుండా చేశాడు.

ఎనిమిది గంటలకు సీతారామయ్య ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. మోరీ దగ్గర నిలబడి కిందికి చూశాడు, ముందుకు పోయి చూశాడు, వెనక్కి వచ్చి చూశాడు. ముఖం పాలిపోయింది.

“పీకేశారు! రాత్రికి రాత్రి పీకేశారు దొంగ వెధవలు!” అని నీలం రేకుల వైపు చెయ్యి చాపి అరిచాడు. “పదకొండింటికి ఆఫీసరమ్మ వస్తోంది. ఇప్పుడు ఏం చూపించాలి నేను? పోలీసులకు ఫోన్ చేస్తాను.”

శాంతయ్య చీపురు పక్కన పెట్టాడు. “ఏం మేకులు సారు అవి?”

“ఏం మేకులా? ఏడు నెలలు తిరిగితే ఇచ్చారయ్యా సర్వేయర్‌ని! పాత రైల్వే మ్యాపు పట్టుకుని, నిన్నంతా మిషను పెట్టి చూసి, పట్టాల నడిమి గీత ఎక్కడ ఉండేదో గుర్తు పెట్టాడు. దాన్నుంచి కొలిస్తే రేకులు మన బాటలోకి ఎంత వచ్చాయో తేలిపోతుంది. వాళ్లు ఇక్కడ కార్లకు ర్యాంపు వేస్తున్నారు. రేపే కాంక్రీటు. ర్యాంపు పడితే బాట రెండు ముక్కలు. నాచారం వైపు గేటు మూసేయమంటారు. ఇవాళ ఆపకపోతే ఇంక ఆపలేం. సర్వేయరు చూస్తే ఘట్‌కేసర్‌లో వేరే పనికి వెళ్లాడు.”

నాచారం వైపు గేటు. ఎలిజబెత్ రోజూ పనికి పోయి వచ్చే గేటు.

శాంతయ్యకు అప్పుడు కాలు చెప్పిన మాట అర్థమైంది. ఆ వరస పదకొండేళ్లు తాను నడిచిన లైను. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, నేరం సన్నీ మీదికి పోతుంది. నోరు విప్పితే ఉన్న ఈ పనీ పోవచ్చు. ఆయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

“పోలీసులొద్దు సారు. పీకింది నేనే.”

సీతారామయ్యకు మాట వినపడింది గానీ తలకెక్కలేదు. “నువ్వా?”

“నేనే. గదిల ఉన్నయి తొమ్మిదీ.”

“నీకు బుద్ధుందా? ఎవరు చెప్పారు నీకు పీకమని?”

“నాకు పాతిండ్రని ఎవలు జెప్పిన్రు సారు?” శాంతయ్య గొంతు లేచింది. “కమిషనర్‌కు జెప్పినవ్. పేపరోళ్లకు జెప్పినవ్. గ్రూపుల రెండు నూర్ల మందికి జెప్పినవ్. గీడ పొద్దుందాక ఉండేటోడు కనవడలేదా నీకు? నేనొస్తే బుక్కు మూసి జేబుల పెట్టుకుంటివి!”

సీతారామయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మెల్లగా అన్నాడు. “నువ్వు రోజూ ఆ సన్నీ దగ్గర టీ తాగుతుంటే చూశానయ్యా. వాళ్ల మనిషివేమో అనుకున్నాను.”

“నేను మీరు గోడ కడ్తరనుకున్న.”

“గోడేమిటి? ఏ గోడ?”

ఇద్దరూ ఒకేసారి నీలం రేకుల వైపు చూశారు. రేకుల సందులో నల్లద్దాలు మెరిసి పక్కకు తప్పుకున్నాయి.

ఒక కప్పు చాయ్‌తో ఇద్దరు పెద్దమనుషుల్ని విడదీయవచ్చని ఆ సన్నీకి తెలుసు. అతని తెలివి అంత గొప్పదేమీ కాదు. ఊడ్చేవాణ్ని లెక్కలోకి తీసుకోని సంఘాలు ఎన్ని ఉంటే అతనికి అంత సులువు.

పదకొండూ పదికి టౌన్ ప్లానింగ్ ఆఫీసరు హరిణి జీపు దిగింది. ముప్ఫై దాటని పిల్ల, మాట మాత్రం ముక్కుసూటి. జరిగింది విని నుదురు కొట్టుకుంది.

“సర్వే మేకులు లేకుండా నేనేం కొల్వాలండీ? గుంతలు కూడా లేవు.”

“అదేంది మేడమ్, మేకులా?” సన్నీ అప్పటికే రేకుల బయటికొచ్చి నిలబడ్డాడు. “మేమైతే ఏ మేకులు సూడలే. మా రేకులు మా జాగల ఉన్నయి.”

“మేడమ్, మేకులు లేకుంటే ఏమాయె? రాళ్లున్నయి,” అన్నాడు శాంతయ్య. “రైల్వే హద్దు రాళ్లు. ఏటేటా వానలకు ముందు గ్యాంగోళ్లం సున్నం కొట్టేది. మోరీ నుంచి ఐదు పట్టాలు, పక్కకు పన్నెండు స్లీపర్లు. గాడ మొదటి రాయి. మా గ్యాంగు పెద్ద మేట్ బట్టీ పట్టించిండు.”

“పట్టాలు ఇప్పుడెక్కడున్నయ్?”

“నా కాళ్లల్ల ఉన్నయ్ మేడమ్. ఐదు పట్టాలంటే ఎనభై ఐదు స్లీపర్లు. స్లీపరుకొక అడుగు.”

“అడుగుల లెక్క మీద నేను రిపోర్టు రాయలేను.”

“అడుగులు రాయకుండ్రి. రాయి దొరికితే రాయండ్రి.”

హరిణి గడియారం చూసుకుంది. సరే అన్నట్టు తల ఊపింది. మోరీ నడుమ నుంచి శాంతయ్య నడక మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, చూపు నేల మీద లేదు. ఎనభై ఐదు. ఎడమకు తిరిగి పన్నెండు. అది రేకుల లోపలికి పోయింది. సన్నీ అడ్డం నిలబడి, లోపలికి పర్మిషన్ లేదని, ఆఫీసుకు ఫోన్ చేస్తానని అన్నాడు.

“ఫోన్ తర్వాత చేసుకోండి. ముందు రేకు తీయించండి,” అన్నది హరిణి.

రేకు తీశారు. శాంతయ్య గడ్డపార దించాడు. మట్టి. ఇంకా లోతుకు దించాడు. మట్టి, ఇటుక ముక్కలు, సిమెంటు సంచి పేలిక. మోకాలి లోతు గుంత తీసినా రాయి లేదు.

“మామా, రాయి గూడ రిటైరైందా?” అన్నాడు సన్నీ. సైటు కూలీల్లో ఇద్దరు నవ్వారు.

శాంతయ్య గుంతలోనే నిలబడిపోయాడు. వీళ్లే తవ్వి పారేశారా? మేట్ తప్పు చెప్పాడా? ఎందరినో అనుమానించాడు గానీ ఆయన ఈ జన్మలో అనుమానించనిది ఒక్కటుంది, తన అడుగు. ఇప్పుడు దాన్ని కూడా అనుమానించాల్సి వచ్చింది. కుడి మోకాలు నాలుగేళ్లుగా నొస్తోంది. దవాఖానా డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. నొచ్చే కాలు పొట్టి అడుగు వేస్తుంది.

ఆ మాట ఆయన నోటితో అననేలేదు. సీతారామయ్యే టేపు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. “శాంతయ్యా, ఒక పది అడుగులు వెయ్యి.” వేశాడు. సీతారామయ్య కొలిచాడు. “అడుగుకు అరవై ఎనిమిది సెంటీమీటర్లు. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య ఎంతుండేది?”

“గది తెల్వదు సారు. పదమూడు మీటర్ల పట్టాకు పదిహేడు స్లీపర్లు.”

సీతారామయ్య నోట్‌బుక్ తీశాడు. ఈసారి దాన్ని శాంతయ్యకు కనబడేలా పట్టుకునే లెక్క వేశాడు. “ఐదు పట్టాలంటే అరవై ఐదు మీటర్లు. నువ్వు నడిచింది యాభై ఎనిమిదే. ఏడు మీటర్లు వెనక తవ్వుతున్నావయ్యా! పక్కకు కూడా ఒక మీటరు తక్కువ పడింది.”

టేపు పరిచారు. హరిణి వెంట వచ్చిన మనిషి ఒక కొస పట్టుకున్నాడు, శాంతయ్య రెండో కొస. అరవై ఐదు మీటర్లు, పక్కకు తొమ్మిది మీటర్ల చిల్లర. అక్కడ పగిలిన కాంక్రీటు కుప్ప ఉంది. దాన్ని పక్కకు లాగి తవ్వితే రెండడుగుల్లోపే గడ్డపార ఖంగున మోగింది. శాంతయ్య చేతులతో మట్టి తీశాడు. రాయి తలకు సున్నం పెచ్చులు ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఎన్ని వానాకాలాలో అన్ని పొరలు. హరిణి వంగి గోటితో ఒక పెచ్చు లేపి చూసింది.

“ఇంకోటి?”

“గిట్లనే ఇంకో ఐదు పట్టాలు పోవాలె మేడమ్.”

రెండో రాయి చప్పున దొరికింది. రెండు రాళ్లకూ తాడు కట్టి లాగితే గీత వచ్చింది. నీలం రేకులు ఒక కొసన రెండున్నర మీటర్లు, ఇంకో కొసన మూడు మీటర్ల పైచిలుకు బాటలోకి వచ్చి ఉన్నాయి. సన్నీ నల్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. ఈసారి వరస కలపలేదు.

హరిణి జీపు బానెట్ మీద కాగితం పెట్టి పంచనామా రాయడం మొదలుపెట్టింది. రాసి, సాక్షిగా సంతకం పెట్టమని సీతారామయ్యకిచ్చింది. ఆయన చదివి పెట్టాడు. తర్వాత కాగితం శాంతయ్య ముందుకు వచ్చింది.

“ఏం రాసిన్రు సారు?” అని అడిగాడు శాంతయ్య. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు.

సీతారామయ్య మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. శాంతయ్య అంతా విని, పెన్ను తీసుకుని, మళ్లీ ఆగాడు. అప్పుడే నాచారం గేటు వైపు నుంచి రెండింటికి షిఫ్టు దిగిన ఆడవాళ్లు వస్తున్నారు. జీపు, గుంతలు, తాడు చూసి నడక ఆపారు.

“ఏందయ్యా, ఏమైంది?” ఎలిజబెత్ ముందుకు వచ్చింది. “ఆ మట్టేంది వొంటి నిండ?”

“తర్వాత జెప్త. ముందుగాల గిది సదువు.”

“ఇప్పుడే చదివాను కదయ్యా,” అన్నాడు సీతారామయ్య నొచ్చుకుని.

“మీరు సదివింది ఇన్న సారు. కాగితంల ఉన్నది గదేనా అని సూస్తున్న. తప్పువట్టుకోకుండ్రి.”

సీతారామయ్య తప్పు పట్టుకోబోయాడు. వాళ్ల మనిషివేమో అని పొద్దున తాను అన్న మాట గుర్తొచ్చిందేమో, ఊరుకున్నాడు. పక్కకు జరిగి ఎలిజబెత్‌కు జాగా ఇచ్చాడు.

ఎలిజబెత్ కుడిచేత్తో కాగితం పట్టుకుని చదివింది. ఆదివారం చర్చిలో పాఠం చదివే గొంతు అది, వెనక నిలబడ్డ వాళ్లకు కూడా వినబడింది. ఫలానా చోట రెండు హద్దు రాళ్లు దొరికినవి. రేకులు హద్దు దాటి లోపలికి వచ్చినవి. ర్యాంపు పని తాత్కాలికంగా నిలిపివేయవలెను. బాట యథాతథంగా వాడుకలో ఉండవలెను. ఒక సైకిలాయన దిగి నిలబడ్డాడు. మనవడు చక్రాల కుర్చీలో తోసుకొచ్చే ముసలాయన ఆపమన్నాడు. డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లు బాట నిండా నిలబడ్డారు.

చదవడం అయిపోయినా ఎలిజబెత్ కాగితం ఇవ్వలేదు. వేలు ఒక మాట మీద ఆగింది.

“అమ్మా, గీడ తాత్కాలికంగ అని రాసినవ్. తాత్కాలికమంటే ఎన్ని దినాలు?”

హరిణి వంగి ఆ మాట చూసింది. “అట్లనే రాస్తమమ్మా. అది మామూలు మాట.”

“మామూలు మాటనే. రేపటిదాంక గూడ తాత్కాలికమే గదా,” అన్నది ఎలిజబెత్. “మేము పొద్దుగాల ఐదున్నరకు ఈ బాట మీదికెల్లి పనికి పోవాల్నా, ఆ రోడ్డు మీదికెల్లి పోవాల్నా, గది ఎర్కయితే సాలు.”

శాంతయ్య పెన్ను మూత పెట్టాడు. “గది రాసినంకనే సంతకం మేడమ్.”

హరిణి చుట్టూ చూసింది. అందరి కళ్లూ ఆమె చేతి మీదే ఉన్నాయి. కాగితం తీసుకుని మళ్లీ బానెట్ మీద పరిచి, తాత్కాలికంగా అన్న మాట కొట్టేసి, దాని మీద రాయడం మొదలుపెట్టింది. పూర్తి సర్వే జరిగి, హద్దు గోడ కట్టే వరకు. రాస్తున్నంతసేపూ ఎలిజబెత్ ఆమె భుజం మీదుగా వంగి, ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూనే ఉంది.